పెళ్ళి లేదు, పేరంటం లేదు, అయినా వెళ్ళాం

(కాలనీ సీనియర్ సిటిజన్ల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీరిద్దరూ కారులో దేశమంతా తిరిగొచ్చారట కదా, ఆ విశేషాలు చెప్పండి అని కార్యదర్శి గారు అడిగారు. దేశమంతా తిరగలేదండీ. చుట్టాలూ స్నేహితులూ ఉన్న ఊళ్ళను ఒకదానికొకటి కలుపుకుంటూ వెళ్ళాం. దారిలో ఆగ్రా తగిలింది, ఆగలేదు. ఉదయపూర్ తగిలింది, అక్కడా ఆగలేదు. ఫలానాది చూశారా అని మీరు అడిగితే చాలావాటికి చూడలేదనే చెబుతాను. మేం మనుషుల కోసం వెళ్ళాం.

ఈ ఆలోచన ఎలా వచ్చిందో ముందు చెబుతాను. రిటైరయ్యాక ఒకరోజు మావారూ నేనూ కూర్చుని మాట్లాడుకుంటుంటే ఒక సంగతి తేలింది. మా దగ్గరి బంధువుల్లో సగం మంది ఇళ్ళు మేం చూడనే లేదు. కలవడం కలుస్తూనే ఉన్నాం. ఎక్కడ? ఫంక్షన్ హాల్లో. మైకు మోతలో "భోంచేశారా" అంటే "చేశాం, మీరో" అంటాం. స్టేజీ ఎక్కి ఫొటో దిగుతాం, రిటర్న్ గిఫ్టు తీసుకుని ఎవరి బండి వాళ్ళం ఎక్కుతాం. లేదంటే ఎవరో పోయినప్పుడు పదో రోజునో పన్నెండో రోజునో కలుస్తాం. ఆరోజు ఎవరు మాత్రం మనసు విప్పి ఏం మాట్లాడతారు? వాళ్ళ వంటగది ఎలా ఉంటుందో, పొద్దున్నే ఎన్నింటికి లేస్తారో, ఏ కుర్చీలో కూర్చుని పేపరు చదువుతారో మనకు తెలియదు. అలాంటివాళ్ళని దగ్గరి చుట్టాలు అని చెప్పుకుంటున్నాం. అందుకని, పెళ్ళీ పేరంటం ఏమీ లేకుండా ఊరికే వెళ్దాం అనుకున్నాం. ఊరికే అన్నది మాకు ముఖ్యం.

మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి వైపు. మావారిది సిరిసిల్ల, మగ్గం నేసిన కుటుంబం. ఇద్దరం బ్యాంకులో చేశాం, అక్కడే పరిచయం, అక్కడే పెళ్ళి మాటలు. చుట్టాల ఊళ్ళన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే చక్కగా రెండు దారులు కనబడ్డాయి. మావైపు వాళ్ళు రైలు పట్టాల వెంట ఉత్తరానికి వెళ్ళారు. మావారి వైపు వాళ్ళు నూలు వెంట పడమటికి వెళ్ళారు. ఎవరూ సరదాకి ఊరు వదల్లేదు, పని ఎక్కడుంటే అక్కడికి వెళ్ళారు. మా చుట్టరికాల పటం గీస్తే అది పని వెతుక్కున్న పటమే.

రూటు అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. హైదరాబాదు నుంచి విజయవాడ. అక్కడ 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని విశాఖ, శ్రీకాకుళం, బరంపురం, ఖరగ్‌పూర్. కోల్‌కతా ఊళ్ళోకి పోకుండా డంకుని దగ్గర 19వ నంబరు ఎక్కి ధన్‌బాద్, ససారాం మీదుగా కాశీ, ఆగ్రా; అక్కడినుంచి 44వ నంబరు మీద ఢిల్లీ. ఢిల్లీ నుంచి 48వ నంబరు మీద జైపూర్, ఉదయపూర్, అహ్మదాబాద్, సూరత్, ఆపైన భివండి. పుణె దగ్గర 65 ఎక్కితే షోలాపూర్, జహీరాబాద్, మన ఇల్లు. ఇప్పటికీ మనవాళ్ళు నైన్త్ హైవే అనే రోడ్డు ఈ 65వ నంబరే. స్వర్ణ చతుర్భుజి అని 1999లో శంకుస్థాపన చేసి కట్టిన 5,846 కిలోమీటర్ల రోడ్డుంది కదా, అందులో రెండు భుజాలు దాదాపు పూర్తిగా, మూడో దాంట్లో సగానికి పైగా మా చక్రాల కింద పడింది.

ఇది మన తెలుగువాళ్ళకి కొత్త దారేం కాదు. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి కడప, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు మీదుగా కాశీ వెళ్ళి, గయ, కలకత్తా చూసుకుని, ఒరిస్సా, శ్రీకాకుళం, విశాఖ మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. పల్లకీలు, బోయీలు, వంటవాళ్ళు, కూడా పెద్ద పరివారం. మజిలీ మజిలీకీ నీళ్ళు ఎలా ఉన్నాయి, నీడ ఉందా, అంగళ్ళలో ఏం దొరుకుతుంది అని రాసుకున్నారు. ఆయన పదిహేను నెలల పైన తిరిగితే మేం సంక్రాంతి వెళ్ళాక బయలుదేరి ఉగాది కాగానే వచ్చేశాం. ఆయనకున్న ఓపికలో పదో వంతు ఉన్నా చాలని దారి పొడుగునా అనుకున్నాను.

ఆ నెలలు ఎందుకు ఎంచుకున్నామో కూడా చెప్పాలి. జనవరిలో ఉత్తరాదిన పొగమంచు, పొద్దున పది దాకా ముందున్న లారీ కనబడదు. అందుకే ముందు కోస్తాలో, ఒరిస్సాలో తీరిగ్గా రోజులు గడిపి, కాశీలో శివరాత్రి జనం తగ్గాక అక్కడ అడుగుపెట్టాం. హోలీనాడు రోడ్డు మీద ఉండకుండా ఢిల్లీలో ఉండేలా చూసుకున్నాం. ఎండలు ముదిరేలోపు ఇంటికి చేరాం.

మొదటి పరీక్ష విశాఖలోనే ఎదురైంది. అక్కడ మా పెదనాన్న కొడుకు ఉన్నాడు. ఒక పొలం గట్టు దగ్గర మాటా మాటా వచ్చి, రెండిళ్ళకీ చాలా ఏళ్ళుగా మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే అటు ఒకరం ఇటు ఒకరం తల తిప్పుకునేవాళ్ళం. ముందురోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, రేపు మీ ఊరి మీదుగా వెళ్తున్నాం, ఒకసారి వచ్చి వెళ్తాం" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "రా" అన్నాడు. అంతే. దారంతా నాకు టెన్షనే.

కారులో వెళ్ళడం వల్ల ఏం కలిసొచ్చిందో నాకు అక్కడ అర్థమైంది. రైల్లో ఒకరింటికి వెళ్తే కనీసం రెండు రోజులు ఉండాలి. మాటల్లేని ఇంట్లో రెండు రోజులంటే వాళ్ళకీ కష్టం, మనకీ కష్టం. కారు వాకిట్లో ఉంటే ఒక గంట కూర్చుని, టీ తాగి, "ఇంక బయలుదేరతాం, చీకటి పడకముందే శ్రీకాకుళం చేరాలి" అనొచ్చు. ఎవరికీ చిన్నతనం ఉండదు. అలాగే అనుకుని వెళ్ళాం. వదిన టీ ఇచ్చింది. తర్వాత చూస్తే లోపల కుక్కర్ కూతలు వినబడుతున్నాయి. భోజనాలయ్యేసరికి మూడైంది. పొలం ఊసు వాళ్ళూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. అన్నయ్య తన మోకాలి ఆపరేషన్ గురించి చెప్పాడు. నాకు ఆపరేషన్ అయినట్టే తెలియదు. బయలుదేరేటప్పుడు వదిన బొట్టు పెట్టి జాకెట్ ముక్క చేతిలో పెట్టింది. గట్టు తగాదా తీరిందా అంటే తీరలేదు, అది అలాగే ఉంది. కానీ ఇప్పుడు పండగకి ఫోన్ చేసుకుంటున్నాం.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అయినా బరంపురంలో దిగితే పరాయి ఊరు అనిపించదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా, బరంపురం ఉన్న ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. మన వి.వి. గిరి గారు పుట్టిన ఊరు బరంపురం. అక్కడ మా చిన్నప్పటి స్నేహితురాలింట్లో పడుకున్నాం. పట్టు చీరల వీధి చూపించింది, అప్పడాలూ పచ్చళ్ళూ కట్టిచ్చింది. ఆ ఊరు దాటాక రోడ్డు పక్కనే చిలికా సరస్సు వస్తుంది. అక్కడ మాత్రం కారాపి దిగాం, అంత నీళ్ళు చూసి ఆగకుండా వెళ్ళబుద్ధి కాలేదు.

ఇక ఖరగ్‌పూర్. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఏమీ అనుకోకండి.

మా కోస్తా రైలు మార్గం 1893, 1896 మధ్య వేశారు. వాల్తేరు పైన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ రైల్వేకి ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వానలు లేక పస్తులున్నవాళ్ళకి అదే రైలు దారి చూపించింది. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగ్‌మెన్‌గా వెళ్ళినవాళ్ళు తమ్ముళ్ళనీ బావమరదుల్నీ పిలిపించుకున్నారు. మెల్లిమెల్లిగా ఊరే తెలుగు ఊరైంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుందంటే, ఖరగ్‌పూర్‌లో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఊహించుకోండి.

మా అమ్మ చెల్లెలు అక్కడే ఉంటుంది. చిన్నాన్న వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాడు, పోయి చాలా ఏళ్ళయింది. గుమ్మంలో కారు దిగగానే పిన్ని అన్న మొదటి మాట: "ఇన్నాల్టికి దారి తెలిసిందేటే నీకు?" నవ్వుతూనే అంది, కానీ ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది.

పిన్ని వంట చేస్తుంటే పక్కనే నిలబడ్డాను. పోపులపెట్టెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయలు మామూలే. ఒక గిన్నెలో మాత్రం మెంతులు, జీలకర్ర, ఆవాలు, సోంపు, నల్ల జీలకర్ర కలిపి పోసి ఉన్నాయి. బెంగాలీలు పాంచ్‌ఫోరన్ అంటారు. కందిపప్పుకి మన పోపు వేసింది. పక్క పొయ్యి మీద గుమ్మడికాయ కూరకి ఆ గిన్నెలోంచి చిటికెడు తీసి నూనెలో వేసింది. ఆ గింజలు చిటపటలాడేసరికి ఇల్లంతా సోంపు వాసన. మావారు గుమ్మడికాయ కూర రెండోసారి అడిగి వేయించుకున్నారు. ఇంట్లో నేను చేస్తే ముట్టరు.

రెండో రోజు రాత్రి, గిన్నెలన్నీ కడిగేసి మంచం మీద కూర్చున్నాక, పిన్ని మా అమ్మ గురించి చెప్పింది. పిన్ని మొదటి కాన్పుకి సాయానికని నన్ను అమ్మమ్మ దగ్గర వదిలి మా అమ్మ ఖరగ్‌పూర్ వెళ్ళిందట. అది నాకు తెలుసు. తెలియనిదేమిటంటే, సాయంత్రాలు రైల్వే కాలనీ రోడ్డు మీద చిన్నాన్న సైకిలు తీసుకుని తొక్కడం నేర్చుకుందట. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, రెండు మోచేతులూ చెక్కుకుపోయినా వదల్లేదట. ఊరికి తిరిగొచ్చాక మళ్ళీ సైకిలు ముట్టుకోలేదు. మా నాన్న స్కూటరు వెనక కూర్చోవడానికే భయపడే అమ్మ నాకు తెలుసు. సైకిలు తొక్కిన అమ్మ తెలియదు. పిన్నిని నేను ఎన్ని పెళ్ళిళ్ళలో కలిశానో! ఈ మాట చెప్పే సందర్భం ఒక్కసారి కూడా రాలేదు. అది రాత్రి పదకొండు గంటలకి, వాళ్ళింట్లో, పని లేని వేళ మాత్రమే బయటికొచ్చే మాట.

కాశీ గురించి మీకు నేను చెప్పేదేముంది, మీలో చాలామంది తొమ్మిది నిద్రలు చేసొచ్చినవాళ్ళే. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనేవాళ్ళు మన పెద్దలు. ఇప్పుడు కేదార్ ఘాట్ వైపు సందుల్లో కొట్టువాళ్ళూ పడవవాళ్ళూ మనల్ని చూడగానే తెలుగులోనే పలకరిస్తున్నారు. ముందుకెళ్దాం.

ఢిల్లీలో మావారి పాత సహోద్యోగి ఒకాయన ఉన్నారు. కొవిడ్ రోజుల్లో వాళ్ళావిడ పోయారు. అప్పుడు ఎవరూ వెళ్ళలేని పరిస్థితి, ఫోన్లోనే రెండు మాటలు చెప్పి ఊరుకున్నాం. ఇన్నేళ్ళ తర్వాత పరామర్శ ఏమిటి, మానిన గాయాన్ని కెలికినట్టు ఉంటుందేమో అని నేను వెనకాడాను. మావారు వెళ్ళాల్సిందే అన్నారు. వెళ్ళాం. మొదటిరోజు ఆయన ఆవిడ పేరెత్తలేదు. హోలీ రోజు తలుపులేసుకుని ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. పొద్దున కాఫీ దగ్గర మొదలుపెట్టారు, ఆస్పత్రిలో చేర్చిన రోజు నుంచి. మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉన్నారు. మేం విన్నాం, అంతకుమించి ఏమీ చేయలేదు. పరామర్శకి గడువు ఉంటుందని నేను ఇకమీదట అనుకోను.

వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు, డ్రైవింగ్ ఎవరు చేశారని. ఇద్దరమూనండీ. రెండు గంటలకోసారి మారేవాళ్ళం. రోజుకి నాలుగు వందల కిలోమీటర్లు దాటకూడదు, చీకటి పడ్డాక నడపకూడదు అని ముందే ఒట్టు పెట్టుకున్నాం. నేషనల్ హైవే మీద ఏదైనా అయితే 1033కి ఫోన్ చేయాలి, ఆ నంబరు ఫోన్లో పెట్టుకోండి. టోల్ సంగతి: సొంత కార్లకి 2025 ఆగస్టు 15 నుంచి ఏడాది పాస్ వచ్చింది, మొదట్లో 3,000 రూపాయలు, ఏడాది గానీ రెండు వందల ట్రిప్పులు గానీ, ఏది ముందైతే అది. జాతీయ రహదారుల మీదే చెల్లుతుంది, రాష్ట్రాల రోడ్ల మీద మామూలుగా కట్టాల్సిందే. ఇలాంటి ప్రయాణానికి అది బాగా పనికొస్తుంది. బీపీ, షుగర్ మాత్రలు మొత్తం ప్రయాణానికి సరిపడా తీసుకెళ్ళండి, చీటీ కూడా పెట్టుకోండి.

సూరత్‌లో మావారి మేనమామ కొడుకు ఉంటాడు, లింబాయత్‌లో. పవర్‌లూమ్ మీద పని. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల్లో చేతిమగ్గం కూడు పెట్టడం మానేశాక వేల కుటుంబాలు ఇలా సూరత్‌కీ భివండికీ వెళ్ళిపోయాయి. బతుకమ్మ పండగ వచ్చిందంటే ఆ గల్లీల్లో మన పాటలే. ఇల్లు ఒకటే గది, దాని మీద చెక్కలతో చిన్న అటక. ఇలాంటి చోట ఏం చేయాలన్నది నిజంగా చిక్కు ప్రశ్న. ఇల్లు చిన్నదని మనం నేరుగా లాడ్జిలో దిగితే వాళ్ళు మనసు చిన్నబుచ్చుకుంటారు. వాళ్ళింట్లోనే దిగితే పిల్లలు ఎక్కడ పడుకోవాలి? మావారు ముందుగానే ఫోన్లో అతని భార్యతో, అంటే నాకు మరదలయ్యే అమ్మాయితో, మాట్లాడి తేల్చారు. రెండు పూటలా భోజనం వాళ్ళింట్లో, మొదటి రాత్రి లాడ్జి. రెండో రాత్రి అతనికి నైట్ షిఫ్టు కాబట్టి అతని మంచం మాది. మరదలు చీరలకి స్టోన్ వర్క్ చేస్తుంది. భోజనాలయ్యాక నేనూ పక్కన కూర్చుని జిగురు చుక్క పెట్టి రాళ్ళు అంటించాను. చీరకి ఇంత అని కూలి. ఒక్క పైట అయ్యేసరికి నా కళ్ళు లాగేశాయి. బజార్లో ఆ చీరలు చూసి ధర ఎక్కువ అని నేనింక అనలేను.

చివరి మజిలీ షోలాపూర్. 1877లో అక్కడ మొదటి నూలు మిల్లు వచ్చింది. నిజాం ఇలాకా పక్కనే కాబట్టి మన పద్మశాలీలు అప్పటినుంచే అక్కడికి వెళ్తున్నారు. మగవాళ్ళది మిల్లు, మగ్గం. ఆడవాళ్ళది బీడీలు. మావారి మేనత్త ఇప్పటికీ బీడీలు చేస్తుంది. డెబ్బై దాటాయి. "ఏం కోడలా, మంచిగున్నవా" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది కానీ ఒళ్ళో చాట దించలేదు. చాటలో నానబెట్టిన తునికాకు, తంబాకు, దారం ఉండ. కొలత రేకు ఆకు మీద పెట్టి కత్తెరతో చుట్టూ కోస్తుంది. చిటికెడు తంబాకు పరిచి, రెండు చేతుల వేళ్ళతో చుట్టి, చివర అంచులు గోటితో లోపలికి మడిచి, దారం రెండు చుట్లు తిప్పుతుంది. ఇదంతా మన ముఖం చూసి మాట్లాడుతూనే. కూలి వెయ్యి బీడీల లెక్క. కార్ఖానాలో ఇవ్వబోతే బాగాలేనివి ఏరి పక్కన పారేస్తారు, వాటికి కూలి లేదు. ఆ చేతులతోనే ముగ్గురు పిల్లల్ని చదివించింది. మావారి మొదటి కాలేజీ ఫీజు కూడా ఆ చాటలోంచే వచ్చిందని ఆయనే నాకు అక్కడ చెప్పారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ చెప్పలేదు. అత్త ముందు కూర్చుంటే కానీ ఆయన నోరు పెగల్లేదు.

ఉగాది అక్కడే చేసుకున్నాం. అదే రోజు మరాఠీవాళ్ళకి గుడి పడ్వా. పక్కింటివాళ్ళు కర్రకి పట్టుబట్ట కట్టి, చెంబు బోర్లించి గుమ్మంలో నిలబెడుతుంటే, అత్త ఇంట్లో మేం పచ్చడికి వేపపువ్వు ఏరుకున్నాం. సాయంత్రానికి వాళ్ళ శ్రీఖండ్ మాకు, మా బూరెలు వాళ్ళకి.

మీలో ఎవరైనా ఇలా వెళ్ళాలనుకుంటే నా అనుభవం మీద కొన్ని మాటలు. వారం ముందు ఫోన్ చేయండి, మళ్ళీ ముందురోజు చేయండి. ఎవరింట్లోనూ రెండు రాత్రులు దాటనివ్వకండి, ఎంత బతిమాలినా సరే. పెద్దవాళ్ళున్న ఇంటికి స్వీటు డబ్బాలు తీసుకెళ్ళకండి, అందరికీ షుగరే. మేం మొదటి సగానికి అరిసెలూ సకినాలూ తీసుకెళ్ళాం, సంక్రాంతికి చేసినవే. సూరత్, షోలాపూర్ వాళ్ళకి ఇంట్లో కొట్టించిన కారం, పసుపు. అవి చూసి వాళ్ళు పడ్డ సంతోషం అంతా ఇంతా కాదు. వెళ్ళిన ఇంట్లో కూరగాయలు తరగండి, మంచాలు సర్దండి. మీ పిల్లల జీతాల గురించి మాట్లాడకండి. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే సూరత్ గల్లీలో కూర్చుని అమెరికా జీతం గురించి మాట్లాడితే ఆ ఇంటి పిల్లాడి ముఖం ఎలా అవుతుందో మనం ఆలోచించాలి.

ఇంకొకటి. వెళ్ళి రావడంతో సగమే అయినట్టు. వాళ్ళనీ రమ్మనాలి, వస్తే పలకాలి. మొన్న పిన్ని మనవడు పోటీ పరీక్ష రాయడానికి హైదరాబాదు వచ్చాడు. ఇదివరకైతే హాస్టల్ వెతుక్కునేవాడు. ఈసారి రైలెక్కాక ఫోన్ చేసి, "పెద్దమ్మా, రేపు పొద్దున దిగుతున్నా" అన్నాడు, రావచ్చా అని అడగలేదు. షోలాపూర్ అత్తని మామిడికాయల కాలానికి రమ్మన్నాం, ఈ ఏడు ఆవకాయ ఆవిడే కలుపుతానంది.

రూటు కాగితాలు, ఎక్కడ ఏ మజిలీ బాగుందో రాసుకున్న పుస్తకం ఈ బల్ల మీదే పెడుతున్నాను. కావలసినవాళ్ళు ఫొటోలు తీసుకోండి. శ్రీకాకుళం, ఒడిశా వైపు సంగతులు నన్ను అడగండి. సూరత్, షోలాపూర్ వైపువి మావారిని అడగండి, ఆయన రెండో వరసలో కూర్చున్నారు.